మా రోజుల్లో తుపాకికి ఒకటే రంగు

ఇప్పుడు కుర్రవాళ్లు మొదటి తుపాకి కొంటూ ముందుగా అడిగేది రంగు. ఏ కాలిబరు, చేతికి ఎలా అమరుతుంది, ఇంట్లో ఎక్కడ దాచాలి అన్నవన్నీ తర్వాత. హ్యూస్టన్‌లో మనవాళ్ల ఉగాది వేడుకకు వెళ్లినా, ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా, భోజనాలయ్యాక ఓ మూల నలుగురు చేరి ఫోన్లు చూపించుకుంటూ ఉంటారు. "అంకుల్, ఇది చూడండి" అని ఫోను నా ముందు పెడతారు. చూస్తే నెమలికంఠం రంగు పిస్తోలు. ఇంకొకడిది గులాబి రంగు. మరొకడు పసుపూ నలుపూ చారలు వేయించాడు. ఒకతను అభిమాన హీరో సినిమా పేరు స్లయిడు మీద లేజర్‌తో చెక్కించుకున్నాడు. "దీంతో ఎన్ని తూటాలు కాల్చావు నాయనా?" అంటే, "ఇంకా రేంజికి తీసుకెళ్లలేదంకుల్, కొన్న వెంటనే రంగుకిచ్చాను, నిన్ననే వచ్చింది" అంటాడు.

నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట దాచుకోను. ఒక్క తూటా కాల్చని వాడు, విప్పి శుభ్రం చేయడం రానివాడు, ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం కూడా ఇంకా అలవాటు కానివాడు రంగు మీద వందల డాలర్లు పోశాడు. ఇదంతా ముసలాడి సణుగుడనుకుంటే అనుకోండి. తుపాకి విషయంలో సణిగే పెద్దవాళ్లు చుట్టూ ఉండటం వల్లే మా తరంలో చాలామంది చేతులూ కాళ్లూ సరిగా మిగిలాయి.

నేను 1970ల చివర్లో హ్యూస్టన్ షిప్ ఛానల్ ఒడ్డున ఒక పెట్రోకెమికల్ కర్మాగారంలో ఇంజనీరుగా చేరాను. మా ఫోర్‌మన్ వయసులో నాకంటే చాలా పెద్దవాడు, కేటీ దగ్గర వరిపొలాల్లో పుట్టి పెరిగినవాడు. ఇప్పుడు మనవాళ్లు వరసగా ఇళ్లు కొనుక్కుంటున్న కేటీ అప్పట్లో వరి పండే మైదానం. చలికాలం మొదలవగానే ఉత్తరాన ఆర్కిటిక్ నుంచి తెల్ల బాతులు వేలకు వేలు వచ్చి కోసిన మళ్లలో వాలేవి. వరిచేను పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "నేనూ వేటకొస్తా" అన్నాను. "రా, కానీ తుపాకి ఇప్పుడే కొనకు" అన్నాడాయన.

తన పాత తుపాకి ఖాళీది చేతికిచ్చి ఆ సీజనంతా మోయించాడు. కంచె దాటేటప్పుడు ఎలా పట్టుకోవాలి, కాలువ గట్టు ఎక్కేటప్పుడు గొట్టం ఎటు ఉండాలి, పక్కవాడు ముందు నడుస్తుంటే ఎటు తిప్పాలి అన్నీ నేర్పాడు. నా వేలు మీట మీదికి వెళ్లిందంటే మాట్లాడకుండా తుపాకి తీసేసుకుని, ఆ పూటంతా నాచేత బాతుబొమ్మలు మోయించేవాడు. చచ్చుబొమ్మలు కదా అని తీసిపారేసే పని కాదది. బురదలో మోకాళ్ల దాకా దిగి, వందల బొమ్మలు వరసపెట్టి పాతాలి. అలా రెండు మూడు సార్లు జరిగేసరికి వేలు దానంతటదే మీటకు దూరంగా ఉండటం నేర్చుకుంది.

మరుసటి ఏడు ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణానికి తీసుకెళ్లాడు. మేకులు, పశువుల దాణా, ముళ్లకంచె తీగ అమ్మే చోటే ఒక గోడకు తుపాకులు ఉండేవి. అక్కడే రెమింగ్టన్ 870 వింగ్‌మాస్టర్ కొన్నాను. 1950 నుంచి వస్తున్న పంప్ యాక్షన్ షాట్‌గన్ అది. అద్దంలా మెరిసే నీలినలుపు ఉక్కు, నిగనిగలాడే వాల్‌నట్ చెక్క. ఏ రంగు కావాలని ఎవరూ అడగలేదు. తుపాకికి ఉన్నది ఒకటే రంగు. దుకాణదారు నన్ను అడగకుండా ఫోర్‌మన్ వైపు చూసి, "ఇతనికి నేర్పావా?" అన్నాడు. ఆయన తలూపాకే ఫారం నా ముందు పెట్టాడు.

చట్టం అప్పుడు ఇప్పటికంటే గట్టిగా ఉండేదని నేను అనడం లేదు. 1968 నాటి చట్టంతో వచ్చిన 4473 ఫారం నింపి, గుర్తింపు కార్డు చూపించి సంతకం పెడితే తుపాకి చేతికొచ్చేది. నేరచరిత్ర ఉందేమో అక్కడికక్కడే చూసే నిక్స్ పద్ధతి 1998 నవంబరు 30న గానీ మొదలవలేదు. అప్పట్లో కట్టుబాటు కాగితాల్లో కంటే మనుషుల్లో ఎక్కువ ఉండేది. తెలియనివాడికి అమ్మితే ఊళ్లో తన పేరు పోతుందని దుకాణదారుకు భయం. తను తెచ్చిన కుర్రాడు తప్పుచేస్తే తన తల తీసేసినట్టవుతుందని ఫోర్‌మన్‌కు భయం. ఆ రెండు భయాల మధ్యలోంచి వచ్చిన తుపాకిని నేను ఆషామాషీగా ఎలా పట్టుకుంటాను?

మన దేశంలో పెరిగినవాడికి తుపాకి అంటే భయభక్తులు వేరే చెప్పి నేర్పక్కర్లేదు కూడా. నల్లమల అంచున మా ఊళ్లో తాతగారికి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ 12 బోరు తుపాకి ఉండేది. వేరుశనగ చేలను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి తీసుకున్నది. ఊరంతటికీ అలాంటివి ఒకటో రెండో. 1959 ఆయుధాల చట్టం కింద దరఖాస్తు పెట్టుకుంటే పోలీసులు వచ్చి విచారించేవారు, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగితే ఫొటో అంటించిన లైసెన్సు పుస్తకం వచ్చేది. కొన్న తూటాలు అందులో ఎక్కాలి. గడువు తీరితే మళ్లీ తిరగాలి. ఎన్నికలొస్తే తుపాకి పోలీసు స్టేషనులో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. దసరాకు ఆయుధపూజలో నాగలి, కొడవలి పక్కన పెట్టి దానికీ పసుపూ కుంకుమా పెట్టేవారు. పిల్లలం దూరంగా నిలబడి దణ్ణం పెట్టేవాళ్లం. వానాకాలంలో తాతగారు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నూనెగుడ్డతో గొట్టాలు తుడిచేవారు. ఆ పని ఇంకెవరికీ అప్పగించేవారు కాదు. ఇప్పటికీ మన దేశంలో దారి అంత సులువు కాలేదు. 2016 నిబంధనలు శిక్షణ ధ్రువపత్రం అడుగుతున్నాయి. 2019 సవరణతో ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండటానికి వీల్లేదు.

ఇక రంగు సంగతి. తుపాకి మీద కనిపించే ఆ నీలినలుపు పూత కాదు. డబ్బాలోంచి వచ్చిందీ కాదు. ఉక్కే పైపైన మారి అలా అవుతుంది. అలా మార్చడాన్నే బ్లూయింగు అంటారు. ఇనుము ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేవాటిలో ఎర్రది మనకు తెలిసిన తుప్పు. అది పొరలు పొరలుగా రాలిపోతూ కింద ఇనుమును తినేస్తూ పోతుంది. నల్లది మాగ్నెటైట్. అది రాలదు, గట్టిగా పట్టుకుని ఉంటుంది. మా కర్మాగారంలో బాయిలరు గొట్టాల లోపలా ఇదే పొర. అది చెడకుండా నీటి రసాయనం చూసుకోవడమే అక్కడ నా ఉద్యోగంలో సగం. బాయిలరును కాపాడే పొర, తుపాకిని కాపాడే పొర ఒకటేనని తెలిసిన రోజున నాకు ఆ నలుపు మీద గౌరవం పదింతలైంది.

ఫ్యాక్టరీల్లో చేసేది వేడి బ్లూయింగు. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన నీళ్లను సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగించి, పాలిష్ పట్టిన ఉక్కును అందులో ముంచుతారు. అరగంటలో నల్లబడుతుంది. కానీ తాతగారి తుపాకిలాంటి జంట గొట్టాలను ఆ తొట్టిలో వేయకూడదు. రెండు గొట్టాలను, మధ్య పట్టీని కలిపేది సీసం, తగరం ఉన్న మెత్తటి టంకం. కాస్టిక్ ద్రావణం ఆ టంకాన్ని తినేస్తుంది. అతుకుల్లో దాక్కున్న లవణాలు ఏళ్ల తరబడి లోపల్నుంచి తుప్పు పట్టిస్తాయి. వాటికి పాతకాలపు తుప్పు బ్లూయింగే గతి.

ఆ పని దగ్గరుండి చూశాను నేను. హ్యూస్టన్ శివార్లలో ఒక ముసలి గన్‌స్మిత్ ఉండేవాడు. శనివారాలు ఆయన షెడ్డులో కూర్చునేవాణ్ణి. ముందు ఆకురాయితో గీతలు తీస్తాడు. తర్వాత ముతక ఎమరీ గుడ్డ, ఆపైన సన్నది, ఇంకా సన్నది. గొట్టం పొడవునా రుద్దాలి, మూలలు గుండ్రబడకూడదు, చెక్కిన అక్షరాలు అరిగిపోకూడదు. బ్లూయింగు అందమంతా ఈ పాలిష్‌లోనే ఉంది. కింద గీత ఉంటే పైన కనిపించి తీరుతుంది. నూనె జిడ్డు పూర్తిగా కడిగి, వేలిముద్ర కూడా పడకుండా చేతికి తొడుగులేసుకుని, ఆమ్లద్రావణం పలచగా ఒక్కసారి తుడుస్తాడు. తేమపెట్టెలో కొన్ని గంటలు ఉంచితే గొట్టమంతా సన్నని ఎర్ర నూగు పడుతుంది. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో మరిగిస్తే ఆ ఎరుపు కళ్లముందే నలుపవుతుంది. సన్నటి ఉక్కుపీచుతో పైన వదులుగా ఉన్నది దులిపేస్తే అడుగున పలచటి నీడలాంటి పొర మిగులుతుంది. మళ్లీ ద్రావణం, మళ్లీ తేమ, మళ్లీ మరిగించడం. ఆరేడు సార్లు, ఒక్కోసారి పది సార్లు చేస్తే గానీ ఆ లోతు రాదు. తుప్పునే తీసుకొచ్చి తుప్పుకు కాపలా పెట్టడం! హ్యూస్టన్ ఉక్కపోతను అందరూ తిట్టుకుంటే ఆయన మాత్రం, "నాకు తేమపెట్టె అక్కర్లేదు, తలుపు తీస్తే చాలు" అనేవాడు.

ఇంతచేసినా బ్లూయింగు అజరామరం కాదు. గాల్వెస్టన్ ఉప్పుగాలి తగిలినా, చెమట చెయ్యి తగిలినా, తుడవకుండా వదిలేస్తే మర్నాటికి ఎర్రచుక్కలు తేలతాయి. మన ఇళ్లలో ఇనుప దోసె పెనం ఎలాగో ఇదీ అంతే, వాడి తుడిచి నూనె రాసినంతకాలం బాగుంటుంది. అందుకే వేట నుంచి రాగానే మేం అన్నం ముందు కూర్చునేవాళ్లం కాదు. తుపాకి ఖాళీ చేసి, మళ్లీ చూసుకుని, విప్పి, గొట్టంలో బ్రష్షు తోసి, నూనెగుడ్డ పెట్టాకే స్నానం. 1903 నుంచి వస్తున్న హాప్పీస్ నంబర్ 9 ద్రావకం వాసన మా గరాజుల్లో ఎప్పుడూ ఉండేది. అలా తుడుస్తుంటే ఏ స్క్రూ వదులైందో, ఎక్కడ పగులు వస్తోందో, ఏ స్ప్రింగు బలం తగ్గిందో చేతికి తెలుస్తుంది. ఆ పొర నాజూకైనది కాబట్టే మనిషి తన తుపాకిని రోజూ చూసుకునేవాడు.

చెక్కదీ అదే కథ. వాల్‌నట్ మడమకు అవిసె నూనె పట్టించాలంటే మొదటి వారం రోజుకోసారి, మొదటి నెల వారానికోసారి, మొదటి ఏడాది నెలకోసారి, ఆపైన బతికున్నంతకాలం ఏడాదికోసారి అని పెద్దలు చెప్పేవారు. అరచేత్తోనే రుద్దాలి, ఆ రాపిడి వేడికి నూనె లోపలికి ఇంకుతుంది. ఇంకో సంగతీ అప్పుడే చెప్పేవారు. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, నిప్పు లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. విడివిడిగా బయట ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి. ఇప్పుడు దుకాణంలో సీసా అమ్మేవాడు ఈ మాట చెప్పడం నేను వినలేదు.

మన గడ్డకూ ఈ విద్యతో పాత బంధుత్వం ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తికి ఆమ్లం పట్టిస్తే లోహం లోపలి అలలు పైకి తేలేవి. 19వ శతాబ్దపు షాట్‌గన్ల డమాస్కస్ గొట్టాలు వేరు. ఇనుప పట్టీలనూ ఉక్కు పట్టీలనూ మెలితిప్పి, చుట్టి, అతికి చేసేవారు. వాటికీ గోధుమరంగు పట్టించి ఆ మెలికలు బయటపెట్టేవారు. (ఎవరింట్లోనైనా అలాంటి పాత తుపాకి ఉంటే గోడకు పెట్టుకోండి. ఇప్పటి పొగలేని మందు తూటాల ఒత్తిడికి ఆ గొట్టాలను నమ్మకూడదు.) కోల్ట్ రివాల్వర్ల ఫ్రేమును బొమికల బొగ్గులో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే వచ్చే నీలి, ఊదా, పసుపు మేఘాలూ ఆ ఉక్కులోంచి వచ్చినవే. పాత పనివాళ్లు లోహంలో ఉన్నదాన్ని బయటికి తెచ్చేవారు. ఇప్పటి రంగు లోహాన్ని కప్పేస్తుంది. నా బాధంతా అక్కడే మొదలవుతుంది.

కుర్రవాళ్లనే అనడం ధర్మం కాదు, కంపెనీలు ముందే చేతులెత్తేశాయి. పాలిష్ చక్రం దగ్గర నిలబడే పనివాడి జీతం బరువైపోయింది. 1964లో వించెస్టర్ తన రైఫిళ్ల తయారీని చవక చేసింది. మోడల్ 94 రిసీవరుకు వాడిన కొత్త లోహానికి మామూలు బ్లూయింగు లవణాలు పట్టనేలేదు. 1960ల చివర్లో బ్రౌనింగ్ తుపాకులకు ఉప్పు పట్టించి ఆరబెట్టిన వాల్‌నట్ చెక్క వాడారు. ఆ ఉప్పు చెమ్మ పీల్చి, చెక్క తగిలిన చోటల్లా ఉక్కును తినేసింది. తొందర చేసిన పాడు అది. 1987లో 870కే ఎక్స్‌ప్రెస్ అని చవక రకం వచ్చింది, పాలిష్ లేని గరుకు నలుపుతో. 1955 నుంచి తన నీలిరంగుకే పేరుపడ్డ కోల్ట్ పైథాన్ 2005లో ఆగిపోయి, 2020లో తిరిగొచ్చినప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలులో వచ్చింది. 1816లో మొదలైన రెమింగ్టన్ దివాలా తీసింది. న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లోని దాని పాత ఫ్యాక్టరీ 2024 మార్చిలో మూతపడింది. తరతరాలుగా చేతులు మారిన పాలిష్ విద్య అలా మన కళ్లముందే చెదిరిపోయింది.

మధ్యలో స్టెయిన్‌లెస్ వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 60, 1965లో. తర్వాత ఆస్ట్రియా నుంచి గ్లాక్. 1982లో అక్కడి సైన్యం తీసుకుంది, 1980ల నడుమ అమెరికాకు దిగింది. చట్రం ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కు బ్లూయింగు ఏమిటి? దాన్ని మార్చాలంటే రంగే వేయాలి. అక్కడ తెరుచుకున్న తలుపు ఇక మూసుకోలేదు.

ఇప్పుడు అందరి నోటా వినేది సెరాకోట్. దాని గుణం దానిదే, కాదనను. సిరామిక్ కలిసిన ఆ పూత సరిగా వేస్తే ఉప్పుగాలికీ చెమటకూ బ్లూయింగు కంటే ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. గల్ఫ్ తీరంలో పడవ మీద తుపాకి ఉంచుకునేవాడికి అది వరం. సరిగా వేయడం కూడా చిన్న పనేం కాదు. తుపాకి పూర్తిగా విప్పి, అసిటోన్‌లో నానబెట్టి, అల్యూమినియం ఆక్సైడు రవ్వతో గరుకు చేసి, ఓవెన్‌లో పెట్టి రంధ్రాల్లో దాగిన నూనె బయటికి రప్పించాలి. అంగుళంలో వెయ్యోవంతు మందాన రంగు చల్లి, లోహమైతే 250 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర రెండు గంటలు కాల్చాలి. అలా చేసేవాడికి నా నమస్కారం. అతను కూడా పనివాడే.

కానీ అంత ఓపిక ఎందరికి? స్ప్రే సీసా కొని గరాజులో శనివారం మధ్యాహ్నం ముగించేసేవాళ్లనే ఎక్కువ చూస్తున్నాను. స్లయిడు జారే గాడుల్లో, సేఫ్టీ మీట కింద, ఫైరింగ్ పిన్ను రంధ్రంలో రంగు పేరుకుంటుంది. వెయ్యోవంతు అంగుళాల లెక్కన అమర్చిన భాగాలు అవి. మందం పెరిగితే ఇరుక్కుంటాయి. పిస్తోలు ఇరుక్కుంటే ఏం చేయాలో తెలియనివాడు గొట్టం ఎటుందో మరిచిపోయి రెండు చేతులా లాగుతాడు. ప్రమాదం సరిగ్గా అక్కడే పొంచి ఉంటుంది. సీరియల్ నంబరు సంగతి ఇంకోటి. ఫెడరల్ నిబంధనల ప్రకారం తయారీదారు దాన్ని కనీసం అంగుళంలో వెయ్యోవంతులు మూడు లోతున చెక్కాలి. దాన్ని చెరిపినా మార్చినా నేరం. రవ్వ కొట్టేటప్పుడు ఆ చోటు కప్పాలన్న ధ్యాస కూడా లేనివాడు ఈ పనికి పూనుకోవడమేమిటి?

పాత తుపాకులను చూస్తే మరీ కడుపు తరుక్కుపోతుంది. తాతల నాటి డబుల్ బ్యారెల్‌ను రవ్వ కొట్టించి ఎడారి రంగు వేయించినవాణ్ణి చూశాను. పనివాడి ఉలి గీతలు, చేతులు తగిలి తగిలి అంచుల దగ్గర వెండిలా తేలిన మెరుపు, నూరేళ్ల నలుపు అన్నీ ఓ పూటలో పోయాయి. ఆ రంగు గీస్తే కింద తుడవని తుప్పు గుంటలు అలాగే ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. ఇలా చేస్తే పాత తుపాకి ధర సగానికి సగం పడిపోతుందని తూకం తెలిసిన ఏ దుకాణదారైనా చెబుతాడు. ధర కంటే ఎక్కువ పోయింది అందులో. ఆ మెరుపు ఎవరి అరచేతి కింద వచ్చిందో చెప్పగలిగే ఆధారం పోయింది.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది బొమ్మల్లాంటి రంగులు. బొమ్మ తుపాకి నిజం తుపాకిలా కనిపించి ప్రాణాలు పోతున్నాయని 1988లో అమెరికా చట్టం చేసింది, అప్పటి నుంచి బొమ్మ తుపాకి మూతికి నారింజరంగు ఉండాలి. నిజమైనదీ బొమ్మా వేరుగా కనిపించాలన్నది దాని ఉద్దేశం. ఇప్పుడు పెద్దవాళ్లు డబ్బులిచ్చి మరీ నిజం తుపాకిని బొమ్మలా మార్పించుకుంటున్నారు. గులాబి, ఆకాశనీలం, పిచికారీ తుపాకి పసుపు! హోలీకి పిచికారీ పట్టుకున్న పిల్లవాడు రేపు నాన్న మంచం పక్కన అదే రంగు చూస్తే ఏమనుకుంటాడు? 2013లో కెంటకీలో ఐదేళ్ల బాబు పిల్లల కోసమని చేసిన చిన్న రైఫిలు తీసి కాల్చితే రెండేళ్ల చెల్లెలు చనిపోయింది. ఆ పాప పోయిందన్న వార్త చదివిన రోజున నేను అన్నం ముట్టలేదు. 2020 నుంచి ఈ దేశంలో పిల్లలు, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకులే. రోడ్డు ప్రమాదాలను కూడా దాటేశాయి. ఇది తెలిసి కూడా తుపాకిని ముద్దుగా తయారుచేయడం నాకు మింగుడుపడదు. అది చూడగానే చేయి వెనక్కి తీసుకునేలా ఉండాలి. నల్లగా, బరువుగా, గంభీరంగా ఉండాలి.

ఇదే 2020లో మొదటిసారి తుపాకి కొన్నవాళ్లు ఎనభై లక్షలకు పైనే అని తుపాకి పరిశ్రమ సంఘం అంచనా. ఆ ఒక్క ఏడాదే నిక్స్ తనిఖీలు 3.97 కోట్లు జరిగాయి. కరోనా భయం, వీధుల్లో గొడవలు, ఆసియావాళ్ల మీద దాడుల వార్తలు... మనవాళ్లూ చాలామంది అప్పుడే కొన్నారు. భయంతో కొన్నందుకు నేను తప్పుపట్టను. భయం తీరాక నేర్చుకోనందుకే నా కోపం. టెక్సస్‌లో 1995 చట్టంతో వచ్చిన లైసెన్సుకు తరగతిలో కూర్చోవాలి, పరీక్ష రాయాలి, గురిచూసి కాల్చి చూపించాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డంకి లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకోవచ్చు. వేటగాడికి ఇంకా నియమం ఉంది, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాడు వేట శిక్షణ తీసుకోవాలి. నడుముకు పిస్తోలు కట్టుకుని మాల్‌లో తిరిగేవాడికి ఆ పాటి నియమం కూడా లేకుండా పోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తరగతి మానేసి రంగుల దుకాణానికి పరుగెడుతున్నారు.

మనవాళ్లకు ఇంకో హెచ్చరిక చేయాలి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి కొనకూడదని, దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం 1998 నుంచి చెబుతోంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ల సంగతి వేరు. "ఫ్రెండు తుపాకే కదా అంకుల్" అని రూమ్మేటు పిస్తోలు పట్టుకుని ఫొటోలు దిగి పెట్టుకునే పిల్లలను చూస్తున్నాను. ఏళ్ల తరబడి చదివి, నిద్రలు మానుకుని సంపాదించుకున్న వీసాను ఒక రంగుల ఫొటో కోసం పణంగా పెట్టకండి. ముందు వకీలును అడగండి.

ఇళ్లలో పిల్లలున్నవాళ్లకు చెప్పాల్సింది ఇంకా సూటిగా చెబుతాను. రంగుకు పెట్టిన డబ్బుతో మంచి లాకరు వస్తుంది. తుపాకి ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండింటికీ తాళం. 17 ఏళ్లలోపు పిల్లలకు పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకి అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. చట్టం సంగతి అటుంచండి. ఈ దేశంలో తుపాకితో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. పరీక్ష పోయిన పిల్లాడికీ, ఉద్యోగం పోయిన తండ్రికీ ఆ ఒక్క రాత్రి తాళంచెవి దొరక్కపోతే ప్రాణం నిలుస్తుంది.

మా ఫోర్‌మన్ నేర్పిన సూత్రాలు తర్వాత జెఫ్ కూపర్ అనే శిక్షకుడి పేరుతో లోకమంతా తెలిశాయి. ఏ తుపాకైనా నిండి ఉందనే అనుకో. నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు మీట మీద పెట్టకు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాడు రంగు గురించి మాట్లాడితే నేను కూర్చుని వింటాను.

మొదటిసారి కొనబోయే అబ్బాయిలకూ అమ్మాయిలకూ నా మాట ఇదే. కొన్న మొదటి ఏడాది దాని మీద ఒక్క చుక్క రంగు వేయకండి. అది ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచండి. శిక్షకుడి దగ్గర కూర్చోండి. నెలనెలా రేంజికి వెళ్లండి. ప్రతిసారీ మీ చేత్తోనే విప్పి, తుడిచి, నూనె పెట్టండి. ఎక్కడ తుప్పు చుక్క తేలుతుందో, మీ చెమట దాన్నేం చేస్తుందో చూడండి. ఏడాది తర్వాత కూడా పైపూత మార్చాలనిపిస్తే, చిరునామా ఉన్న, ఫెడరల్ లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. మీ తుపాకి రాత్రి తన దగ్గర ఉంచుకుంటే పుస్తకంలో నంబరు ఎక్కించుకునేవాడు అతనే. నల్లటిదో, బూడిదరంగుదో, ఉక్కులా కనిపించేదో వేయించుకోండి. పాత తుపాకి దొరికితే దాన్ని ముట్టుకునే ముందు తెలిసిన పెద్దవాడికి చూపించండి. తుప్పు బ్లూయింగు చేసేవాళ్లు ఇంకా ఈ దేశంలో ఉన్నారు. నెలలు ఆగాల్సి వచ్చినా వాళ్లకే ఇవ్వండి. మీరిచ్చే పనితోనే ఆ విద్య ఇంకో తరం బతుకుతుంది. నేర్చుకోవాలనుకుంటే నా గరాజు తలుపు తట్టండి. ఎమరీ గుడ్డలు, నూనె, పాత గొట్టాలు ఉన్నాయి. సణుగుతాను, అయినా నేర్పుతాను.